కొలరాడో కొండల్లో నారో గేజ్ గూడ్స్ పెట్టెల్ని చదువుతూ

మొదటి రోజు: గోల్డెన్

డెన్వర్ నగరానికి పడమట, నార్త్ టేబుల్ మౌంటెన్ పాదాల దగ్గరున్న గోల్డెన్ పట్టణంలో కొలరాడో రైల్‌రోడ్ మ్యూజియం ఉంది. 1959లో తెరిచిన ఈ మ్యూజియానికి వచ్చేవారిలో ఎక్కువమంది ఆవిరి ఇంజన్ల దగ్గరా, మోటారు కారు ముందుభాగంతో పట్టాల మీద నడిచిన గాలపింగ్ గూస్ బండ్ల దగ్గరా ఆగుతారు. మేము వెళ్లింది గూడ్స్ పెట్టెల కోసం. నా వెంట వచ్చినవారు మా మేనమామ. విజయవాడ పక్కన రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ఉద్యోగ జీవితమంతా వ్యాగన్ల మరమ్మతుల్లోనే గడిపి రిటైరైన మనిషి. పాత సరకు పెట్టె ఏనాటిదో, దానికి ఎప్పుడెప్పుడు ఏమేం మార్పులు జరిగాయో దాని ఒంటిమీది గుర్తులను బట్టి తెలుసుకోవడం నాకు ఎన్నాళ్లుగానో ఇష్టమైన పని. అలాంటి చూపు వృత్తిగా అబ్బిన మనిషి పక్కన ఉండగా కొలరాడో దక్షిణ కొండల దాకా వెళ్లి రావాలన్నది ఈ ప్రయాణపు ఉద్దేశం.

1870లో విలియం జాక్సన్ పామర్ స్థాపించిన డెన్వర్ అండ్ రియో గ్రాండె రైల్వే 3 అడుగుల గేజ్‌ను, అంటే పట్టాల మధ్య దూరాన్ని, ఎంచుకుంది. దేశంలో మిగతా చోట్ల స్థిరపడుతున్న 4 అడుగుల 8½ అంగుళాల స్టాండర్డ్ గేజ్ కంటే ఇది కొండ మలుపుల్లో తేలికగా తిరుగుతుంది, వేయడానికి ఖర్చూ తక్కువ. 1871లో డెన్వర్ నుంచి కొలరాడో స్ప్రింగ్స్‌కు నడిచిన ఆ తొలి బండ్లలో సరకు పెట్టెలు చాలా చిన్నవి; నాలుగే చక్రాలున్నవి కూడా వాటిలో ఉండేవి. 1904 నాటికి అదే కంపెనీ, అమెరికన్ కార్ అండ్ ఫౌండ్రీ చేత, 30 అడుగుల పొడవు, 25 టన్నుల మోత గల బాక్స్‌కార్లను, అంటే పైకప్పుతో మూసి ఉండే సరకు పెట్టెలను, 3000 నుంచి 3749 వరకు నంబర్లు వేసి 750 కట్టించుకుంది. ఇప్పుడు కొలరాడో, న్యూ మెక్సికోలలో మిగిలిన నారో గేజ్ బాక్స్‌కార్లలో చాలావరకు ఈ తరగతివే కావడంతో, ఈ ఒక్క నమూనాను బాగా చూసి పెట్టుకుంటే మిగతావాటిని దానితో పోల్చుకోవడం సులభమవుతుంది.

నేను అలవాటు ప్రకారం గోడ మీది నంబరు రాసుకోబోతుంటే మావయ్య ఆపారు. "నంబరు తర్వాత రాసుకుందువు గానీ అల్లుడూ, ముందు వంగి చట్రం చూడు. నంబరు రంగుతో వస్తుంది, రంగుతో పోతుంది. చట్రం మార్చాలంటే పెట్టెనంతా విప్పాలి."

పట్టాల పక్కన మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటు వేసి చూశాం. చెక్క చట్రపు పెట్టెలో నేల కింద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పొడుగు దూలాలు ఉంటాయి. రెండు కొసలనూ అడ్డదూలాలు మూస్తాయి. ట్రక్కులు, అంటే పెట్టెను మోసే చక్రాల చట్రాలు, కూర్చునే చోట రెండు బలమైన అడ్డదూలాలు, అంటే బోల్స్టర్లు ఉంటాయి. వాటి మధ్య జాగాలో ఇంకో రెండు సన్నని అడ్డదూలాలు, వాటి కింద కిందికి చూసే పోత ఇనుప కాళ్లు. ఒక కొస దూలంలో బిగించిన ఇనుప కడ్డీ బోల్స్టర్ మీదుగా వచ్చి, కిందికి దిగి, ఆ కాళ్ల అడుగు నుంచి సాగి, మళ్లీ పైకెక్కి రెండో కొసకు చేరుతుంది. నడిమధ్యలో దానికి టర్న్‌బకల్ ఉంటుంది. బరువుకు చెక్క నడుము కుంగినప్పుడు, నులక మంచం సడలితే కాళ్లవైపు తాడు లాగి బిగించినట్టు, ఆ టర్న్‌బకల్ తిప్పి కడ్డీని బిగించి పెట్టె నడుమును తిన్నగా చేసేవారు. కడ్డీలు ఎన్ని, ఆ ఇనుప కాళ్ల ఎత్తు ఎంత, వాటిని మోసే అడ్డదూలాల మధ్య దూరం ఎంత అన్న మూడు కొలతలు చేతిలో ఉంటే, రంగు పూర్తిగా రాలిపోయిన పెట్టె తరగతిని కూడా చాలావరకు గుర్తుపట్టవచ్చు. ఒక పెట్టె కింద దూలాల రంగు మిగతా చెక్క కంటే లేతగా ఉండటం, బోల్టుల నట్లు పాతకాలపు చదరపువి కాక ఆరు పలకలవి కావడం మావయ్య చూపించారు. ఆ దూలాలు సంరక్షణలోకి వచ్చిన తరువాత మార్చినవి.

కొసల దగ్గర మరో కథ ఉంది. తొలినాళ్లలో పెట్టెలను కలిపేందుకు ఇనుప లంకె ఒకటి, దాన్ని పట్టి ఉంచే మేకు ఒకటి వాడేవారు. మేకు వేసేటప్పుడు పనివాళ్ల వేళ్లు, చేతులు, కొన్నిసార్లు ప్రాణాలు పోయేవి. 1893లో అమెరికా ప్రభుత్వం చేసిన సేఫ్టీ అప్లయన్స్ చట్టం ఆ పద్ధతిని తొలగించి, దానంతటది పట్టుకునే కప్లింగ్‌ను తప్పనిసరి చేసింది. స్టాండర్డ్ గేజ్ పెట్టెలకు కప్లింగ్ గరిష్ఠ ఎత్తు 34½ అంగుళాలు కాగా, 3 అడుగుల గేజ్‌కు 26 అంగుళాలు. ఆ తరువాత 1911 నాటి ఉత్తర్వు చేతిపట్టు కడ్డీలు, నిచ్చెనలు, కాలు మోపే మెట్లు ఎక్కడెక్కడ ఉండాలో నిర్దేశించింది. అంతకు ముందు కట్టిన పెట్టెలకు ఇవన్నీ తరువాత చేర్చినవే కాబట్టి, కొస పలకల మీద ఏ పనీ లేని బోల్టు రంధ్రాలు, చెక్క బిరడాలతో మూసిన గుంతలు కనిపిస్తే ఆ పెట్టె 1911కు ముందటిదన్న అనుమానానికి బలం చేకూరుతుంది. నాకు ఈ ఖాళీ రంధ్రాలంటే ప్రత్యేకమైన గౌరవం. ఉన్న వస్తువును ఎవరైనా చూస్తారు. తీసేసిన వస్తువుకు సాక్ష్యం ఆ రంధ్రమొక్కటే.

రెండో రోజు: 285 నంబరు రోడ్డు మీద

డెన్వర్ నుంచి ఆంటోనిటో దాకా 285 నంబరు రహదారి మీద దక్షిణంగా రోజంతా ప్రయాణం. కెనోషా కనుమ దాటగానే సౌత్ పార్క్ అనే విశాలమైన ఎత్తైన మైదానం వస్తుంది. ఒకప్పుడు డెన్వర్, సౌత్ పార్క్ అండ్ పసిఫిక్ అనే మరో నారో గేజ్ కంపెనీ ఇక్కడ నడిచేది. కోమోలో దాని రాతి రౌండ్‌హౌస్, అంటే ఇంజన్లు నిలిపే షెడ్డు, ఇప్పటికీ నిలిచి ఉంది.

దారిలో ఒక పశువుల క్షేత్రంలో, చక్రాలు లేకుండా నేల మీద కూర్చున్న పాత బాక్స్‌కార్ ఒకటి కనిపించింది. కంపెనీలు పనికిరావనుకున్న పెట్టెల ట్రక్కులు విప్పుకుని, ఒంటి భాగాన్ని రైతులకు అమ్మేసేవి. వాళ్లు గడ్డికీ పనిముట్లకూ కొట్టాలుగా వాడుకునేవారు. యజమాని అనుమతితో లోపలికి వెళ్లి చూశాం. చట్రం కిందిభాగం మట్టిలో కూరుకుపోయి చూడటానికి వీల్లేకపోయినా, మ్యూజియం పెట్టెల్లో పదేపదే మార్చేసే భాగాలు, అంటే పైకప్పు పలకలు, తలుపు జారే పట్టీలు, లోపలి వరస చెక్క ఇక్కడ ఎవరూ ముట్టుకోకుండా మిగిలాయి. మావయ్య ఒక ఊడిపోయిన పలక వెనక మేకును వేలితో తడిమి చూశారు. మేకు అడ్డుకోత చదరంగా ఉంటే అది రేకు నుంచి కోసిన పాత రకం. గుండ్రంగా ఉంటే తీగ నుంచి చేసినది. అమెరికాలో 1890ల నుంచీ తీగ మేకులు పాతవాటిని వేగంగా తోసేశాయి. ఇక్కడ లోపలి వరసకు చదరపు మేకులు, బయటి పలకలకు గుండ్రటివి ఉన్నాయి. లోపలి వరస కట్టినప్పటిదనీ, బయటి గోడ తరువాత ఎప్పుడో మార్చినదనీ అనుకోవచ్చు; అంతకు మించి చెప్పడం దుస్సాహసం అవుతుంది. ఆ పెట్టె ఏ కంపెనీదో తేల్చగల గుర్తు మాకు దొరకలేదు.

మూడో రోజు: ఆంటోనిటో నుంచి చామా

కంబ్రెస్ అండ్ టోల్టెక్ సీనిక్ రైల్‌రోడ్ కొలరాడోలోని ఆంటోనిటోకూ న్యూ మెక్సికోలోని చామాకూ నడుమ 64 మైళ్లు నడుస్తుంది. 1880లో వేసిన ఈ మార్గం మీద 1968లో గూడ్స్ రవాణా ముగిశాక, 1970లో రెండు రాష్ట్రాలూ కలిసి పట్టాలను, ఇంజన్లను, పెట్టెలను కొనేశాయి. అప్పటిదాకా నడిచిన పెట్టెల గుంపు చెదిరిపోకుండా మిగలడానికి కారణం ఆ కొనుగోలే.

ప్రయాణం పొడవునా లోయలు, టోల్టెక్ గార్జ్, సొరంగాలు చూసి అందరూ ఆనందిస్తున్నారు. ఆ అందం గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కనుక నేను దారి వాలు దగ్గర ఆగుతాను. ఆంటోనిటో వైపు నుంచి ఎక్కేటప్పుడు వాలు 1.42 శాతానికి మించదు. 10,015 అడుగుల ఎత్తున్న కంబ్రెస్ కనుమ దాటి చామా వైపు దిగేటప్పుడు మాత్రం అది 4 శాతం, అంటే 100 అడుగులకు 4 అడుగులు. బొగ్గో, గొర్రెలో, చమురో నింపుకున్న బండి ఈ దిగుడులో నిలకడగా దిగాలంటే, ఇంజన్ డ్రైవరు బ్రేకు వదిలి గాలి తిరిగి నింపుకునే సమయంలో కూడా ప్రతి పెట్టె బ్రేకూ కొంత పట్టి ఉండాలి. అందుకోసం పెట్టె కొసన రిటెయినర్ అనే చిన్న కవాటం ఉంటుంది. కనుమ మీద బండి ఆగినప్పుడు బ్రేక్‌మన్లు పెట్టెల వెంట నడిచి ఆ కవాటాల పిడి తిప్పి, దిగువకు చేరాక మళ్లీ యథాస్థానానికి తెచ్చేవారు. పైకప్పు నడిమి నుంచి సాగే నడకపలకలు, ఆ కొసన నిలువు కడ్డీ మీద చేతిబ్రేకు చక్రం, దాని పక్కన మనిషి నిలబడే చిన్న మెట్టు ఎంత అవసరమో ఈ కొండ మీద బాగా అర్థమవుతుంది. కవాటపు గొట్టం పైకప్పు దాకా పోతుందా, కొస పలక మధ్యలోనే ఆగిపోతుందా అన్నది కూడా చూడవలసిన గుర్తు; గొట్టాన్ని పట్టి ఉంచే బిగింపుల పాత గుర్తులు రెండు ఎత్తుల్లో కనిపిస్తే ఒకసారి దాన్ని మార్చారని అర్థం.

"మనవైపు ఇంత దిగుడుంటే ఏం చేసేవారు మావయ్యా?" అని అడిగాను. ఆయన తూర్పు కనుమల్లో కొత్తవలస–కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం మోసే వ్యాగన్ల బ్రేకుల గురించి చాలాసేపు చెప్పారు. అది బ్రాడ్ గేజ్. ఉత్తరాంధ్రలో నారో గేజ్ కథ వేరు: నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో తెరిచిన 2½ అడుగుల లైను, 21వ శతాబ్దపు తొలి ఏళ్లలో గేజ్ మార్పిడి జరిగే వరకు నడిచింది. ఆ లైను మీది సరకు పెట్టెల చట్రాలను కొలిచి పెట్టే పని ఇక్కడి పనితో సమానంగా మనవైపు జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

నాలుగో రోజు: చామా యార్డు

ఈ ప్రయాణంలో ఎక్కువ సమయం ఇక్కడే గడిచింది. బొగ్గు నింపే చెక్క గోపురం, రెండు మూతుల నీటి తొట్టి, పశువులను ఎక్కించే దొడ్లు, వాటి పక్కన వరసగా పాత పెట్టెలు ఉన్నాయి. 1988లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ ద కంబ్రెస్ అండ్ టోల్టెక్ అనే సంస్థ స్వచ్ఛంద సేవకులు ప్రతి వేసవిలో వచ్చి వీటిని బాగుచేస్తారు. వాళ్లు పాత పలకను తీసేముందు ఫోటో తీసి, కొలిచి, అక్షరాల జాడలు నకలు చేసుకోవడం చూసి మావయ్య ఎంతో సంతోషించారు.

ముందు ట్రక్కులు. ఇక్కడి చాలా పెట్టెల కింద ఆర్చ్‌బార్ ట్రక్కులున్నాయి: చదునైన ఇనుప పట్టీలను వంచి, నిలువు బోల్టులతో బిగించి కట్టినవి. బోల్టులు సడలితే ప్రమాదం కనుక స్టాండర్డ్ గేజ్‌లో కంపెనీల నడుమ తిరిగే పెట్టెలకు వీటిని 1940 ప్రాంతంలో నిషేధించారు. నారో గేజ్ పెట్టెలు స్టాండర్డ్ గేజ్ పట్టాలెక్కే అవకాశమే లేదు కాబట్టి ఆ ఒత్తిడి వీటి మీద పడలేదు. ఒకే ముక్కగా పోసిన ఉక్కు పక్కచట్రాలతో ఉన్న ట్రక్కులూ కొన్ని ఉన్నాయి. అయితే ట్రక్కు ఒక పెట్టె నుంచి మరోదానికి తేలికగా మారుతుంది. అందువల్ల ట్రక్కును చూసి ఒంటి వయసు చెప్పకూడదు. ట్రక్కు కొసన ఇరుసు కొలత మాత్రం మోతను సూచిస్తుంది: నాటి కార్ బిల్డర్ల ప్రమాణాల ప్రకారం 3¾ × 7 అంగుళాల జర్నల్ (బేరింగులో తిరిగే ఇరుసు కొస) 40,000 పౌండ్ల పెట్టెకు, 4¼ × 8 అంగుళాలది 60,000 పౌండ్ల పెట్టెకు ఉద్దేశించినవి. పాత పోత ఇనుప చక్రాల వెనక వంకర పక్కటెముకలు, వాటి నడుమ ఫౌండ్రీ పేరూ పోతపోసిన తేదీ ఉంటాయి. ఆ తేదీ చక్రానిదే, పెట్టెది కాదు.

తరువాత బ్రేకు పరికరం. గాలి నిల్వ చేసే తొట్టి, సిలిండరు, కవాటం ఒకదానికొకటి అతుక్కుని ఒకే దిమ్మగా కనిపిస్తే అది పాత కె రకం. మూడూ వేరువేరు చోట్ల ఉండి గొట్టాలతో కలిపి ఉంటే 1930లలో వచ్చిన ఏబీ రకం కావచ్చు. కె రకంలో కూడా సిలిండరునూ తొట్టినీ విడదీసి బిగించిన అమరిక ఉండేది కాబట్టి, దూరం నుంచి చూసి తేల్చకుండా కవాటం ఆకారాన్ని దగ్గరగా చూడాలి.

పశువుల పెట్టెల గోడలు పట్టీల నడుమ ఖాళీలతో ఉంటాయి. గొర్రెల కోసం కట్టిన రెండంతస్తుల పెట్టెలో నడిమి అటకను మోసే అడ్డకర్రల బోల్టు తలలు బయటి స్తంభాల మీద వరసగా కనిపిస్తాయి. అటక తీసేసిన తరువాత కూడా ఆ వరస పోదు. కింది పలకల మీద తెల్లని మరకలు పెట్టెను శుభ్రపరచడానికి చల్లిన సున్నానివి. బొగ్గు గొండోలాల్లో, అంటే పైకప్పు లేని పెట్టెల్లో, కొన్నింటి నేలకు కిందికి తెరుచుకునే తలుపులుంటాయి. అలాంటి పెట్టె పక్క చట్రం పొడవునా గొలుసులు చుట్టుకునే ఇనుప ఇరుసు, దాన్ని పట్టి ఉంచే పళ్ల చక్రం కనిపిస్తాయి. చామాలో ముడి చమురు నింపుకుని అలమోసా శుద్ధి కర్మాగారానికి వెళ్లిన గ్రాంప్స్ ట్యాంకు పెట్టెలు ఈ మార్గంలో ప్రసిద్ధం. వీటితోపాటు నడిచిన యూనియన్ ట్యాంక్ లైన్ వాన్ డైక్ పెట్టెలకు కింద చట్రమే లేదు, ట్యాంకే వెన్నెముక. అవి స్టాండర్డ్ గేజ్ పెట్టెలు, ట్రక్కులు మార్చి నారో గేజ్ పట్టాల మీదికి తెచ్చారు.

మధ్యాహ్నం ఎండలో చూసి రాలేదనుకున్న అక్షరాలు, సాయంత్రం సూర్యుడు పక్కవాటుగా దిగేసరికి ఒక బాక్స్‌కార్ గోడ మీద స్పష్టంగా నిలిచాయి. సీసం కలిసిన తెల్లరంగు వేసిన చోట చెక్క ఎండకూ వానకూ తక్కువగా అరుగుతుంది, చుట్టూ ఎక్కువగా అరుగుతుంది. రంగంతా పోయినా ఆ అక్షరం పలక మీద ఉబ్బెత్తుగా మిగులుతుంది. ఒక నంబరు మీద మరో నంబరు, పక్కన తూచిన తేదీ కనిపించాయి. 1921లో కంపెనీ పేరు డెన్వర్ అండ్ రియో గ్రాండె వెస్టర్న్‌గా మారింది కనుక, చివరి డబ్ల్యూ అక్షరం ఉందా లేదా అన్నదే ఒక తేదీ. రియో గ్రాండె అన్న మాటను వాలుగా, వేగంగా పరుగెడుతున్నట్టు రాసిన శైలి కనిపిస్తే అది 1940 ప్రాంతానికో, ఆ తరువాతి కాలానికో చెందుతుంది. పెట్టెను మళ్లీ తూచినప్పుడు స్టేషను పేరు సంక్షిప్తంగా, నెల, సంవత్సరం రాసేవారు. మావయ్యకు ఇది బాగా పరిచయమైన పని. మన వ్యాగన్ల మీద కూడా పూర్తి మరమ్మతు జరిగిన వర్క్‌షాపు గుర్తు, తేదీ, తిరిగి రావలసిన తేదీ స్టెన్సిల్‌తో వేస్తారు. "తేదీ చూసి పెట్టె వయసు అనుకోకు. అది చివరిసారి ఎవరు ముట్టుకున్నారో చెప్పే తేదీ" అన్నారు. 1904 నాటి పెట్టెల్లో చాలా వాటిని 1920ల మధ్యలో పెద్దఎత్తున పునర్నిర్మించారు కాబట్టి ఆ మాటకు ఇక్కడ ఎంతో విలువ ఉంది.

అయిదో రోజు: డురాంగో

చామా నుంచి పగోసా స్ప్రింగ్స్ మీదుగా డురాంగో చేరాం. ఇక్కడి నుంచి సిల్వర్టన్‌కు 45 మైళ్ల లైను 1882లో పూర్తయి ఇప్పటికీ నడుస్తోంది. దక్షిణాన ఫార్మింగ్టన్‌కు 1905లో స్టాండర్డ్ గేజ్‌గా వేసి, 1923లో నారో గేజ్‌గా మార్చిన ఒక శాఖ ఉండేది. 1950లలో ఆ ప్రాంతంలో చమురు, సహజ వాయువు తవ్వకాలు ఉధృతమై, పొడుగు గొట్టాలు మోయడానికి 30 అడుగుల పెట్టెలు చాలలేదు. అప్పుడు కంపెనీ స్టాండర్డ్ గేజ్ బాక్స్‌కార్ల ఉక్కు చట్రాలను తీసుకుని, ఒళ్లు విప్పేసి, నారో గేజ్ ట్రక్కుల మీద కూర్చోబెట్టి చదును పెట్టెలు తయారుచేసింది. ప్రయాణికులను ఎక్కించుకునే ఇక్కడి తెరుపు పెట్టెల్లో కొన్ని కూడా పాత సరకు పెట్టెల చట్రాల మీద కట్టినవే.

ఇలాంటి చదును పెట్టె ఒకదాని పక్కదూలం మీద సమాన దూరాల్లో రివెట్ రంధ్రాల గుంపులు ఉన్నాయి. గోడల స్తంభాలు వాటికి బిగించి ఉండేవి. రెండు గుంపుల నడుమ ఒక్కచోట మాత్రం దూరం ఎక్కువ. అది తలుపు వెడల్పు. టేపు పెట్టి రెండు దూరాలూ నేను చదివాను, మావయ్య రాసుకున్నారు. ఆ రంధ్రాల నుంచి పోయిన బాక్స్‌కార్ గోడను, దాని తలుపును కాగితం మీద తిరిగి గీయడం సాధ్యమైంది.

పక్కనే నిలబెట్టిన చిన్న బల్ల మీద ఆ పెట్టెకు ఒకే సంవత్సరం రాసి ఉంది, అదీ మార్చిన సంవత్సరమే. అలాంటి చోట రెండు సంవత్సరాలు రాయాలని నా అభిప్రాయం: ఉక్కు చట్రం స్టాండర్డ్ గేజ్ పెట్టెగా పుట్టిన ఏడు, అది 3 అడుగుల పట్టాల మీదికి వచ్చిన ఏడు. మొదటిది తెలియకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచి, రంధ్రాల కొలతలను దాని కింద ముద్రించాలి. తలుపు వెడల్పు, స్తంభాల దూరం తెలిసినవారు ఆ కొలతలతో అది ఏ కంపెనీ కట్టించిన బాక్స్‌కారో వెతకగలుగుతారు.